సినిమా సౌండ్ కోసం హోమ్ థియేటర్ కంప్యూటర్: ఏ దారి ఎవరికి నప్పుతుంది

టీవీ పక్కన ఒక కంప్యూటర్ పెట్టుకుని సినిమాలు చూద్దాం అనుకునేవాళ్లు ముందుగా ప్రాసెసర్ గురించి, గ్రాఫిక్స్ కార్డ్ గురించి ఆరా తీస్తారు. బొమ్మ విషయంలో వాటితో పని ఉంది. సౌండ్ విషయంలో దాదాపు లేదు. 2009లో వచ్చిన ఏఎమ్‌డీ రేడియాన్ హెచ్‌డీ 5000 కార్డులు, మరుసటి ఏడాది ఇంటెల్ ప్రాసెసర్లతో కలిసి వచ్చిన గ్రాఫిక్స్, బ్లూరే డిస్కుల్లోని డాల్బీ ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియో అనే, నాణ్యత తగ్గని సౌండ్ ట్రాకుల్ని ఉన్నవి ఉన్నట్టు హెచ్‌డీఎంఐ మీదుగా బయటికి పంపడం మొదలుపెట్టాయి. అంతకుముందు దీనికోసం ప్రత్యేకంగా సౌండ్ కార్డ్ వెతుక్కోవాల్సి వచ్చేది. ఇప్పుడు అరచేతిలో పట్టే మినీ పీసీ కూడా ఆ పని చేసేస్తుంది. అందుకే ఖరీదైన కంప్యూటర్ కొంటే సౌండ్ బాగుంటుందన్న ఆలోచనను మొదట్లోనే పక్కన పెట్టండి.

తేల్చుకోవాల్సినవి వేరే ఉన్నాయి. సినిమా ఎక్కడి నుంచి వస్తోంది, కంప్యూటర్ నుంచి స్పీకర్ల దాకా సౌండ్ ఏ దారిన వెళ్తోంది, ఆ దారిలో ట్రాక్‌ను డీకోడ్ చేసేది, అంటే కుదించి ఉన్నదాన్ని విప్పి సౌండ్‌గా మార్చేది ఎవరు. ఈ మూడింటికీ జవాబు దొరికితే ఏం కొనాలో దానంతట అదే తెలిసిపోతుంది. డబ్బు సంగతి అడిగితే నా మాట ఒకటే. ఎక్కువ భాగం స్పీకర్లకూ, బేస్ కోసం విడిగా పెట్టే సబ్‌వూఫర్‌కూ వెళ్లాలి. కంప్యూటర్ చప్పుడు చేయకుండా, సౌండ్‌ను చెడగొట్టకుండా పక్కకి తప్పుకుంటే చాలు.

మీ సినిమాలు ఎక్కడివి?

డీవీడీల్లో డాల్బీ డిజిటల్ 5.1 (ఐదు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ట్రాక్ గరిష్ఠంగా 448 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు). బ్లూరేలో అదే ఫార్మాట్ 640 దాకా వెళ్తుంది. డిస్కు మీదున్న లాస్‌లెస్, అంటే ఏమీ కోల్పోని ట్రాకుల లెక్క వేరు. ట్రూహెచ్‌డీకి 18 ఎంబీపీఎస్ వరకు, డీటీఎస్-హెచ్‌డీ మాస్టర్ ఆడియోకి 24.5 ఎంబీపీఎస్ వరకు జాగా ఉంది. స్టూడియోలో మిక్స్ చేసిన ట్రాక్ ఒక్క బిట్ కూడా తగ్గకుండా మీ ఇంటికి వస్తుందన్నమాట. స్ట్రీమింగ్‌లో వచ్చేది డాల్బీ డిజిటల్ ప్లస్. నెట్‌ఫ్లిక్స్ 5.1 ట్రాకును 640 కేబీపీఎస్ వరకు, తలపైనుంచి కూడా శబ్దం వినిపించే డాల్బీ అట్మాస్‌ను 768 వరకు ఇస్తుంది. ఇది లాసీయే, అంటే కొంత వదిలేసి కుదించినదే అయినా బాగా చేసిన ఎన్‌కోడింగ్. మామూలు గదిలో, మామూలు స్పీకర్ల మీద దానికీ లాస్‌లెస్‌కూ తేడా పట్టుకోవడం తేలిక కాదు.

ఇక్కడో సంగతి మొహమాటం లేకుండా చెప్పాలి. మీరు చూసేదంతా స్ట్రీమింగే అయితే కంప్యూటర్ అంత మంచి ఎంపిక కాదు. బ్రౌజర్‌లో చూస్తే చాలాసార్లు ఐదు చానళ్లు ఉండాల్సిన చోట రెండే వస్తాయి. ఏ సర్వీస్ ఏ బ్రౌజర్‌లో ఏం ఇస్తుందన్నది వాళ్లు ఎప్పటికప్పుడు మార్చేస్తుంటారు. లినక్స్‌లో అయితే కాపీ రక్షణ నిబంధనల వల్ల బొమ్మ నాణ్యత కూడా తగ్గుతుంది. అలాంటివాళ్లకు టీవీలోని యాప్ గానీ, ఆపిల్ టీవీ 4కే లాంటి చిన్న డబ్బా గానీ తక్కువ తలనొప్పితో మంచి సౌండ్ ఇస్తాయి.

డిస్కులు కొని వాటిని హార్డ్ డిస్కులో దాచుకునేవాళ్లకు, సొంత సినిమా లైబ్రరీ ఉన్నవాళ్లకు, గదికి తగ్గట్టు సౌండ్‌ను సరిదిద్దుకోవాలనుకునేవాళ్లకు మాత్రం కంప్యూటర్ లాంటిది మరొకటి లేదు. వీళ్లలోనూ లైబ్రరీ ప్లే చేస్తే చాలు, ఇంకేం అక్కర్లేదనుకునేవాళ్లు 2019లో వచ్చిన ఎన్‌విడియా షీల్డ్ టీవీ ప్రోను ఒకసారి చూడండి. ట్రూహెచ్‌డీ అట్మాస్, దానికి పోటీ అయిన డీటీఎస్:ఎక్స్ రెండూ అది నేరుగా రిసీవర్‌కు (ట్రాక్‌ను విప్పి స్పీకర్లను నడిపే డబ్బాకు) పంపుతుంది. ఆపిల్ టీవీ అలా పంపదు. ట్రాక్‌ను తనే డీకోడ్ చేసి పీసీఎంగా (విప్పేసిన మామూలు డిజిటల్ సౌండ్‌గా) మార్చి ఇస్తుంది, అట్మాస్ వచ్చేది స్ట్రీమింగ్ ట్రాకులకే. డిస్కు లైబ్రరీ ఉన్నవాళ్లు ఈ తేడా తెలుసుకోకుండా కొని తర్వాత బాధపడుతుంటారు.

4కే బ్లూరే డిస్కును కంప్యూటర్ డ్రైవ్‌లో పెట్టి నేరుగా చూద్దామనుకుంటే అదో చిక్కు. అధికారిక ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌కు ఇంటెల్ ఎస్‌జీఎక్స్ అనే భద్రతా సదుపాయం కావాలి. పదకొండో తరం నుంచి ఇంటెల్ తన డెస్క్‌టాప్ కోర్ ప్రాసెసర్లలో దాన్ని తీసేసింది. అంటే కొత్త కంప్యూటర్ కొంటే ఆ దారి మూసుకుపోయినట్టే. డిస్కు పెట్టి చూడటమే మీ అలవాటైతే విడిగా ఒక 4కే బ్లూరే ప్లేయర్ కొనుక్కోవడం మేలు.

హెచ్‌డీఎంఐ నేరుగా రిసీవర్‌కి

కంప్యూటర్ నుంచి హెచ్‌డీఎంఐ కేబుల్ ఏవీ రిసీవర్‌కు, అక్కడి నుంచి ఇంకో కేబుల్ టీవీకి. పదిమందిలో ఎనిమిదిమందికి నేను చెప్పేది ఇదే. హెచ్‌డీఎంఐ మొదటి వెర్షన్ నుంచే ఎనిమిది చానళ్ల పీసీఎం వెళ్తుంది. 2006లో వచ్చిన 1.3తో ట్రూహెచ్‌డీ, డీటీఎస్-హెచ్‌డీ ట్రాకుల్ని విప్పకుండా పంపడమూ సాధ్యమైంది. అట్మాస్, డీటీఎస్:ఎక్స్ సమాచారం ఆ ట్రాకుల్లోపలే ఉంటుంది కాబట్టి అవి కూడా ఇదే తీగ మీద వెళ్తాయి. చానళ్ల మధ్య ఆలస్యం, సబ్‌వూఫర్ క్రాసోవర్ (ఏ స్వరం కింది బేస్ సబ్‌కు వెళ్లాలన్న హద్దు), గది కొలతలు, వాల్యూమ్ అన్నీ రిసీవర్ చూసుకుంటుంది.

ఇందులోనూ చిరాకులు లేకపోలేదు. విండోస్‌కు రిసీవర్ అంటే ఒక మానిటర్. రిసీవర్ ఆపేస్తే మానిటర్ పీకేసినట్టే అనుకుని కిటికీలన్నీ వేరే స్క్రీన్ మీదికి తోసేస్తుంది, కొన్నిసార్లు సౌండ్ సెట్టింగ్‌ను స్టీరియోకి తెచ్చి కూర్చోబెడుతుంది. అందుకే ముందు టీవీ, తర్వాత రిసీవర్, చివర కంప్యూటర్ ఆన్ చేయడం అలవాటు చేసుకుంటే సగం గొడవలు రావు. ఇంకో చిక్కు పాత రిసీవర్లతో వస్తుంది. సౌండ్‌కి అవి బ్రహ్మాండంగా పనికొస్తాయి గానీ 4కే హెచ్‌డీఆర్ బొమ్మను దాటనివ్వవు. మంచి రిసీవర్‌ను దీనికోసం పారేయకండి. గ్రాఫిక్స్ కార్డ్‌కు రెండు అవుట్‌పుట్‌లు ఉంటే ఒకటి నేరుగా టీవీకి, రెండోది సౌండ్ కోసం మాత్రమే రిసీవర్‌కు ఇవ్వవచ్చు. డెస్క్‌టాప్‌లో కనపడని రెండో స్క్రీన్ ఒకటి తయారవుతుంది, మౌస్ అప్పుడప్పుడు అందులోకి జారిపోతుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో ఆ స్క్రీన్‌ను అసలు స్క్రీన్ మూలకు మాత్రమే తగిలేలా జరిపితే ఆ బాధ చాలావరకు తప్పుతుంది.

టీవీ మీదుగా సౌండ్‌బార్‌కి

కంప్యూటర్‌ను టీవీకి కలిపి, టీవీ నుంచి సౌండ్‌బార్‌కు వెనక్కి సౌండ్ పంపడం రెండో పద్ధతి. ఈ వెనక్కి పంపే దారి రెండు రకాలు. 2009లో హెచ్‌డీఎంఐ 1.4తో వచ్చిన ఏఆర్‌సీ సన్నని దారి. అందులో డాల్బీ డిజిటల్, డాల్బీ డిజిటల్ ప్లస్ పడతాయి, ట్రూహెచ్‌డీ పట్టదు, ఐదు చానళ్ల పీసీఎం కూడా పట్టదు. హెచ్‌డీఎంఐ 2.1తో వచ్చిన ఈఏఆర్‌సీ వెడల్పైనది, అన్నీ పడతాయి. కానీ దారి ఉన్నంత మాత్రాన టీవీ పంపుతుందన్న గ్యారంటీ లేదు. కొన్ని కంపెనీల టీవీలు కొన్నేళ్లపాటు డీటీఎస్‌ను అసలు ముట్టుకోలేదు. బ్లూరే సినిమాల్లో డీటీఎస్-హెచ్‌డీ ట్రాకులు కొల్లలు కాబట్టి ఇది చిన్న లోపం కాదు. ఇంకొన్ని టీవీలు తమ ఇన్‌పుట్‌కు వచ్చిన 5.1 పీసీఎంను స్టీరియో చేసి బయటికి పంపుతాయి. మీ టీవీ ఏం చేస్తుందో దాని మాన్యువల్‌లో చూడకుండా ఈ దారిని నమ్ముకోవద్దు.

సౌండ్‌బార్‌కే విడిగా హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉంటే కంప్యూటర్‌ను దానికే తగిలించండి. టీవీ ఇష్టాయిష్టాలతో పని ఉండదు. సౌండ్‌బార్ ఎంచుకునేటప్పుడు నేను మొదట వెనక తిప్పి చూసేది ఆ ఇన్‌పుట్ ఉందా లేదా అనే.

ఆప్టికల్

ఎర్రటి వెలుగు కనిపించే ఆప్టికల్ తీగ మీద రెండు చానళ్ల పీసీఎం గానీ, డాల్బీ డిజిటల్ లేదా మామూలు డీటీఎస్ 5.1 గానీ వెళ్తుంది. అంతకు మించి వెళ్లదు. పాత రిసీవర్‌కు హెచ్‌డీఎంఐ లేకపోతే ఇదే గతి. అయితే ఇది మరీ తీసిపారేసేది కాదు. కోడి (Kodi) అనే ఉచిత సినిమా ప్లేయర్ సాఫ్ట్‌వేర్‌లో చానళ్ల సంఖ్యను 2.0 అని పెట్టి డాల్బీ డిజిటల్ ట్రాన్స్‌కోడింగ్ ఆన్ చేస్తే, ఏ ఫార్మాట్ 5.1 ట్రాక్ అయినా అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా మారి వెళ్తుంది. చానళ్లను 5.1 అని పెట్టడమే ఇక్కడ అందరూ చేసే తప్పు. ఆప్టికల్ మీద ఐదు చానళ్ల పీసీఎం వెళ్లదు కాబట్టి, అలా పెడితే సౌండ్ ముందు రెండు స్పీకర్లలోనే వస్తుంది. ఈ తీగలో కరెంటు పారదు. కంప్యూటర్ కలపగానే స్పీకర్లలో గుర్రుమని హమ్ వచ్చే ఇళ్లలో ఆప్టికల్ పెట్టగానే అది మాయమవడానికి కారణం అదే.

యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, యాక్టివ్ స్పీకర్లు

ఇది ఓపిక, ఆసక్తి ఉన్నవాళ్ల దారి. రిసీవర్ ఉండదు. కంప్యూటరే డీకోడ్ చేస్తుంది, ఆరు లేదా ఎనిమిది అవుట్‌పుట్‌లున్న యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఆ చానళ్లను విడివిడిగా స్టూడియో మానిటర్ స్పీకర్లకు ఇస్తుంది. ప్రతి స్పీకర్‌లో దాని ఆంప్ దానికుంటుంది. సరిగ్గా కుదిరితే అదే ఖర్చులో రిసీవర్‌తో వచ్చేదానికన్నా మాట స్పష్టంగా, బిగువుగా వినిపిస్తుంది. ఈ దారి నాకు ఎంతో ఇష్టం. అయినా అందరికీ చెప్పను.

ఎందుకంటే రిసీవర్ నిశ్శబ్దంగా చేసే పనులన్నీ ఇక్కడ మీ నెత్తిన పడతాయి. సినిమా ట్రాకులో లోతైన బేస్ కోసమే ఉన్న ఎల్ఎఫ్ఈ చానల్‌ను మిగతావాటికంటే 10 డెసిబెల్స్ పెంచి వినిపించాలన్నది ప్రమాణం. రిసీవర్ అది తనే చేస్తుంది. ఇక్కడ మీరు చేయకపోతే పేలుళ్లు చప్పబడిపోతాయి. చిన్న స్పీకర్లు మోయలేని బేస్‌ను సబ్‌వూఫర్‌కు మళ్లించడమూ మీ పనే. విండోస్‌లో ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, లినక్స్‌లో కామిల్లా డీఎస్‌పీతో ఇవి చేయవచ్చు. ఈక్వలైజర్ ఏపీఓ విండోస్ సౌండ్ పద్ధతి అయిన వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో, అంటే ప్లేయర్ ఒక్కటే సౌండ్ పరికరాన్ని పట్టుకున్నప్పుడు పనిచేయదు, షేర్డ్ మోడ్‌లోనే ప్లే చేయాలి. షేర్డ్ అంటే సౌండ్ చెడిపోతుందేమోనని భయపడనక్కర్లేదు. సినిమా ట్రాకులు దాదాపు అన్నీ 48 కిలోహెర్ట్జ్. విండోస్‌లోనూ అదే 48 పెట్టి, 24 బిట్ ఎంచుకుంటే మధ్యలో శాంపిల్ రేటు మార్పు జరగదు.

ఒక హెచ్చరిక. ఈ ఏర్పాటులో ట్రాక్‌ను విప్పకుండా పంపే పాస్‌త్రూ ఆప్షన్ ఎప్పుడూ ఆఫ్‌లోనే ఉండాలి. ఇంటర్‌ఫేస్‌కు డాల్బీ, డీటీఎస్ అర్థం కావు. విప్పని ట్రాక్ దానికి వెళ్తే దాన్ని మామూలు సౌండ్ అనుకుని పూర్తి వాల్యూమ్‌లో బుసకొట్టే శబ్దంగా స్పీకర్లలోకి వదులుతుంది. ట్వీటర్లు పోయే ప్రమాదం ఉంది, చెవులకూ మంచిది కాదు. మొదటిసారి ఏది ప్లే చేసినా స్పీకర్ల వెనక గెయిన్ బాగా తగ్గించి మొదలుపెట్టండి. ఈ దారిలో అట్మాస్ ఎత్తు చానళ్ల మీద ఆశ కూడా వదులుకోవాలి.

మదర్‌బోర్డ్ వెనకుండే మూడు రంగుల జాక్‌ల గురించి ఒక్క మాట. చిన్న కంప్యూటర్ స్పీకర్ల సెట్టుకు అవి సరే. మంచి ఆంప్‌కు కలిపితే గ్రాఫిక్స్ కార్డ్ పనిచేస్తున్నప్పుడల్లా సన్నని కీచు వినిపించే అవకాశం ఉంది. సినిమాలో నిశ్శబ్దంగా ఉండాల్సిన దృశ్యం ఆ ఒక్క కీచుతో పాడవుతుంది.

బిట్‌స్ట్రీమా, పీసీఎంనా?

హెచ్‌డీఎంఐ దారి ఎంచుకున్నాక వచ్చే పెద్ద ప్రశ్న ఇది. ట్రాక్‌ను విప్పకుండా రిసీవర్‌కు పంపడం బిట్‌స్ట్రీమ్, దాన్నే పాస్‌త్రూ అంటారు. కంప్యూటరే విప్పి చానళ్లుగా పంపడం పీసీఎం. బిట్‌స్ట్రీమ్ పెడితే సౌండ్ మెరుగ్గా ఉంటుందని చాలామంది గట్టిగా నమ్ముతారు. లాస్‌లెస్ ట్రాక్‌ను ఎవరు విప్పినా వచ్చే అంకెలు అవే. జిప్ ఫైలును ఏ కంప్యూటర్‌లో విప్పినా లోపలి ఉత్తరం మారనట్టే ఇదీ. తేడా విన్నామని అనిపిస్తే చాలాసార్లు కారణం వాల్యూమ్. డాల్బీ ట్రాకులో సంభాషణల స్థాయిని బట్టి మొత్తం సౌండ్‌ను సర్దే సూచన ఒకటుంటుంది. దాన్ని రిసీవర్ పాటించి, ప్లేయర్ పాటించకపోతే రెండింటికీ కొన్ని డెసిబెల్స్ తేడా వస్తుంది. కాస్త గట్టిగా వినిపించిందే మన చెవికి బాగున్నట్టు అనిపిస్తుంది.

నిజమైన తేడా అట్మాస్, డీటీఎస్:ఎక్స్ దగ్గరుంది. మామూలు ప్లేయర్ ట్రూహెచ్‌డీ అట్మాస్ ట్రాక్‌ను విప్పితే 7.1 వరకే వస్తుంది. తలపైన హెలికాప్టర్ ఎక్కడుందో చెప్పే సమాచారం అక్కడే ఆగిపోతుంది. శబ్దం పోదు, అది చుట్టూ ఉన్న స్పీకర్లలో కలిసిపోతుంది. సీలింగ్‌లో స్పీకర్లు ఉంటే పాస్‌త్రూ తప్పనిసరి. లేకపోతే రెండిట్లో ఏదైనా ఒకటే. గది సరిదిద్దే పని కంప్యూటర్‌లో చేయాలనుకున్నా, రాత్రిపూట సంభాషణలు పెంచుకోవాలనుకున్నా పీసీఎం ఎంచుకోండి. పాస్‌త్రూ ట్రాక్‌ను మధ్యలో ఎవరూ మార్చలేరు.

సెట్టింగులన్నీ చేశాక రిసీవర్ ముందు డిస్‌ప్లేను నమ్మండి, కంప్యూటర్ స్క్రీన్‌ను కాదు. ట్రూహెచ్‌డీ అట్మాస్ ఫైల్ ప్లే చేస్తే దాని మీద అట్మాస్ అని రావాలి. మల్టీ చానల్ అని వస్తే కంప్యూటర్ విప్పి పంపుతోంది. స్టీరియో అనో, రెండు చానళ్లకు కృత్రిమంగా సరౌండ్ పూసే మోడ్ పేరో కనిపిస్తే ఎక్కడో చానళ్లు కూలబడ్డాయి. విండోస్‌లో అయితే వెతకాల్సిన చోట్లు ఇవి: సౌండ్ కంట్రోల్ ప్యానెల్‌లో ఆ హెచ్‌డీఎంఐ పరికరాన్ని ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కి 5.1 లేదా 7.1 పెట్టారా, స్పేషియల్ సౌండ్ ఆఫ్‌లో ఉందా, ఎక్స్‌క్లూజివ్ మోడ్‌కు అనుమతి ఉందా. ప్లేయర్‌లో ఆడియో అవుట్‌పుట్‌గా డైరెక్ట్‌సౌండ్ కాక వాసాపీ పరికరాన్ని ఎంచుకోవాలి. కోడిలో సింక్ ప్లేబ్యాక్ టు డిస్‌ప్లే అనే ఆప్షన్, పాస్‌త్రూ రెండూ కలిసి నడవవు. దాని బదులు సినిమా ఫ్రేమ్ రేటుకు తగ్గట్టు టీవీ రిఫ్రెష్ రేటు మారే ఆప్షన్ పెట్టుకుంటే బొమ్మా సాఫీగా ఉంటుంది, పాస్‌త్రూ కూడా నడుస్తుంది.

ఏ సిస్టమ్, ఏ ప్లేయర్?

సినిమాలు తప్ప ఇంకే పనీ లేని కంప్యూటర్ అయితే లిబ్రేఎలెక్ అనే చిన్న లినక్స్ సిస్టమ్ వేయండి. అది ఆన్ చేయగానే నేరుగా కోడి తెరుస్తుంది, మధ్యలో అప్‌డేట్ నోటిఫికేషన్లు రావు, పాస్‌త్రూ పెద్దగా కష్టపెట్టకుండా పనిచేస్తుంది. అదే కంప్యూటర్‌లో గేమ్స్, స్ట్రీమింగ్ కూడా కావాలంటే విండోస్ తప్పదు. గేమ్స్‌కు, కొన్ని స్ట్రీమింగ్ యాప్‌లకు రిసీవర్ మీదుగా అట్మాస్ కావాలంటే డాల్బీ యాక్సెస్ యాప్ వేసుకోవాలి. అందులో హోమ్ థియేటర్ భాగం ఉచితం, హెడ్‌ఫోన్ భాగానికి డబ్బు కట్టాలి. విండోస్‌లో కోడి నచ్చనివాళ్లకు ఎంపీసీ-హెచ్‌సీ ప్లేయర్, దాంతో వచ్చే ఎల్ఏవీ ఫిల్టర్లు చక్కగా సరిపోతాయి. వీఎల్‌సీ ఏ ఫైలునైనా తెరుస్తుంది, ఆ మేలు మరవలేం. కానీ లాస్‌లెస్ పాస్‌త్రూ కోసం దాన్ని ఎంచుకోను.

ఎన్ని స్పీకర్లు?

ఇక్కడే డబ్బు బూడిదలో పోసిన పన్నీరు అవుతుంటుంది. తొమ్మిది స్పీకర్లు రాసున్న డబ్బా చూసి మనసు పారేసుకుంటారు. ఒకే ఖర్చులో తొమ్మిది నాసిరకం స్పీకర్లకన్నా మూడు మంచివి, ఒక సబ్‌వూఫర్ ఎంతో మేలు. సినిమాలో సంభాషణ దాదాపు అంతా సెంటర్ చానల్ నుంచే వస్తుంది. మాట అర్థం కాక సబ్‌టైటిల్స్ పెట్టుకుని, పాట రాగానే రిమోట్ అందుకుని వాల్యూమ్ తగ్గించే ఇళ్లలో చాలావాటికి లోపం సెంటర్ స్పీకర్ దగ్గరే ఉంటుంది. దాన్ని టీవీ కింద అరలో లోపలికి తోసేస్తారు. అది కూర్చున్నవాళ్ల మోకాళ్ల వైపు చూస్తుంటుంది, పైగా అర చెక్కలు మాటను బొంగురు చేస్తాయి. అర అంచు దాకా ముందుకు లాగి, ముందు భాగం కింద రబ్బరు ముక్క పెట్టి చెవుల వైపు ఎత్తండి. పైసా ఖర్చు లేని ఈ పని కొన్ని ఇళ్లలో కొత్త రిసీవర్ కన్నా ఎక్కువ మార్పు తెస్తుంది.

గోడకు ఆనించిన సోఫా ఉన్న చిన్న గదిలో 3.1తో (ముందు మూడు స్పీకర్లు, ఒక సబ్‌వూఫర్) ఆగిపోయినా తప్పు లేదు. వెనక కాస్త చోటుంటే 5.1కి వెళ్లండి. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ ప్రమాణం ప్రకారం ముందు కుడి ఎడమ స్పీకర్లు మధ్యగీత నుంచి చెరో 30 డిగ్రీలు, సరౌండ్‌లు 100 నుంచి 120 డిగ్రీల మధ్య, అంటే చెవులకు కాస్త వెనకగా ఉండాలి. 7.1 కోసం సోఫా వెనక కనీసం ఒకటిన్నర మీటర్ ఖాళీ లేకపోతే దాని జోలికి వెళ్లను. ఎత్తు స్పీకర్లకు సీలింగ్‌లో నిజంగా బిగించే వీలుంటే 5.1.2 (5.1కి తోడు రెండు ఎత్తు స్పీకర్లు) ఆనందంగా ఉంటుంది. పైకి చూసి సీలింగ్ మీద శబ్దాన్ని కొట్టి వెనక్కి రప్పించే స్పీకర్లు చదునైన, మరీ ఎత్తు లేని సీలింగ్ ఉంటేనే పనిచేస్తాయి.

సబ్‌వూఫర్ పెట్టే చోటు దాని బ్రాండ్ కంటే ముఖ్యం. ప్రతి గదికీ తన పొడవును బట్టి కొన్ని స్వరాలు ఉబ్బుతాయి. 5 మీటర్ల గదిలో మొదటిది 34 హెర్ట్జ్ దగ్గర వస్తుంది. ఒక సీట్లో ఆ బేస్ మోగిపోతుంది, పక్క సీట్లో అసలు వినిపించదు. సబ్‌ను తాత్కాలికంగా సోఫా మీద, మీ తల ఉండే చోట పెట్టి, బేస్ బాగా ఉన్న దృశ్యం ప్లే చేస్తూ గోడల వెంబడి వంగి నడవండి. ఎక్కడ బేస్ సమంగా, ఉబ్బకుండా వినిపిస్తే సబ్ ఉండాల్సిన చోటు అదే. క్రాసోవర్‌ను 80 హెర్ట్జ్‌తో మొదలుపెట్టండి.

ఆ తర్వాత గది సరిదిద్దడం. గదిని కొలిచి సౌండ్ సర్దే ఆడిస్సీ, డిరాక్, యామహా వైపీఏఓ లాంటి సాఫ్ట్‌వేర్ ఏది ఉన్నా రిసీవర్‌తో వచ్చిన మైకును స్టాండ్ మీద చెవి ఎత్తులో పెట్టి, ఫ్రిజ్, ఫ్యాన్ ఆపి కొలవండి. చేత్తో పట్టుకుని కొలిస్తే వృథా. ఇంకాస్త లోతుకు వెళ్లాలనుకుంటే రూమ్ ఈక్యూ విజార్డ్ అనే కొలత సాఫ్ట్‌వేర్ ఉచితం. యూమిక్-1 లాంటి యూఎస్‌బీ కొలత మైకు ఒకటి కొంటే గదిలో ఏ స్వరం ఉబ్బుతోందో గ్రాఫ్‌లో కళ్లముందు కనిపిస్తుంది. కంప్యూటర్ ఆధారంగా పెట్టుకున్న హోమ్ థియేటర్‌కు ఉన్న అసలు బలం ఇదేనని నా అభిప్రాయం.

చప్పుడు లేని కంప్యూటర్

నిశ్శబ్దం కూడా సినిమా సౌండ్‌లో భాగమే. గుసగుసలాడే దృశ్యంలో ఫ్యాన్ హోరు వినిపిస్తే లాస్‌లెస్ ట్రాక్ ఉండీ లాభం లేదు. సిస్టమ్‌కు ఎస్ఎస్‌డీ, నెమ్మదిగా తిరిగే 120 లేదా 140 మిల్లీమీటర్ల ఫ్యాన్లు చాలు. తిరిగే హార్డ్ డిస్కులు హాల్లో వద్దు. వాటిని వేరే గదిలో ఎన్ఏఎస్‌లో (నెట్‌వర్క్‌కు కలిపే డిస్కుల డబ్బాలో) పెట్టి తీగతో కలపండి. 4కే బ్లూరే ఫైల్ బిట్‌రేటు ఉద్ధృతమైన దృశ్యాల్లో 100 ఎంబీపీఎస్ దాటగలదు. పాత 100 ఎంబీపీఎస్ నెట్‌వర్క్ పోర్ట్ అక్కడ తడబడుతుంది, గిగాబిట్ అయితే అసలు సమస్యే ఉండదు. సినిమా సరిగ్గా పోరాట దృశ్యంలోనే ఆగి ఆగి వస్తోందంటే ముందు అనుమానించాల్సింది ఈ పోర్ట్‌ను.

ఎవరికి ఏది?

సొంత లైబ్రరీ, 5.1 లేదా అంతకు మించిన స్పీకర్లు ఉంటే గ్రాఫిక్స్ లోపలే ఉన్న మినీ పీసీ, హెచ్‌డీఎంఐతో రిసీవర్, కోడి. స్ట్రీమింగ్ ఎక్కువ, డిస్కులు అడపాదడపా అయితే విండోస్ కంప్యూటర్ కన్నా టీవీ యాప్‌కు తోడు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్ ఉన్న సౌండ్‌బార్. అద్దె ఇల్లు, పక్కవాళ్ల గోడలు పలచన, రాత్రిపూటే సినిమా చూస్తారనుకోండి, మంచి స్టీరియో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని హెడ్‌ఫోన్స్‌లో సరౌండ్ అనుభూతి ఇచ్చే విండోస్ సోనిక్ గానీ డాల్బీ హెడ్‌ఫోన్ మోడ్ గానీ ప్రయత్నించండి. చుట్టూ శబ్దం తిరిగే అనుభూతి మనిషి మనిషికీ మారుతుంది, కొందరికి స్టీరియోనే హాయిగా ఉంటుంది. కొలతలు, ఫిల్టర్లు చేయడంలోనే ఆనందం ఉన్నవాళ్లకు యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్, యాక్టివ్ స్పీకర్లు.

ఏ దారి ఎంచుకున్నా ఆఖర్న మాటకూ పెదవులకూ పొంతన చూసుకోండి. శబ్దం బొమ్మకన్నా 45 మిల్లీసెకన్లు ముందొచ్చినా మన కంటికి తెలిసిపోతుంది. వెనకబడితే 125 దాకా గమనించం. టీవీలు బొమ్మను సవరించడానికి సమయం తీసుకుంటాయి కాబట్టి సాధారణంగా శబ్దమే ముందొస్తుంది. టీవీలో గేమ్ మోడ్ లేదా సినిమా మోడ్‌కు మారితే ఈ తేడా కూడా మారుతుంది. ముందు ఏ పిక్చర్ మోడ్‌లో చూస్తారో ఖాయం చేసుకుని, తర్వాతే రిసీవర్‌లోనో కోడిలోనో ఆడియో ఆలస్యాన్ని 10 మిల్లీసెకన్ల చొప్పున పెంచుతూ, దగ్గరగా ముఖం కనిపించే సంభాషణ మీద సరిచూడండి.